పాత 12 అంగుళాల రీమిక్స్ రికార్డును చూసి కొనడం ఎలా

పాట పేరు మాత్రమే చూసి రీమిక్స్ (ఉన్న పాటనే కొత్తగా మార్చి కూర్చిన రూపం) రికార్డు కొన్నవారికి, ఇంటికి తెచ్చి ముల్లు పెట్టాక వేరే రీమిక్స్ వినబడడం కొత్తేమీ కాదు. ఒకే పాటను ఒకే ఏడాదిలో రెండు మూడు 12 అంగుళాల రికార్డులుగా, ఒక్కోదానిపై ఒక్కొక్కరి రీమిక్స్‌తో విడుదల చేయడం 1990లలో మామూలే కనుక, బ్రాకెట్లో ఉన్న రీమిక్స్ పేరు, నిడివి, రికార్డు సంస్థ ఇచ్చే కేటలాగు నంబరు మూడింటినీ సరిచూసుకోవాలి.

అట్ట మారిపోయి ఉండవచ్చు. డీజేలకు ముందుగా పంపే తెల్ల లేబుల్ ప్రతులపైనైతే ఒక్కోసారి రబ్బరు ముద్ర తప్ప ఏమీ ఉండదు. అలాంటప్పుడు చివరి పాటకూ లేబుల్‌కూ నడుమ ఖాళీగా మెరిసే వలయాన్ని దీపం కింద ఏటవాలుగా పట్టి చూడాలి. అక్కడ మ్యాట్రిక్స్ నంబరు (ఆ పక్కను ఏ మూల పలక నుంచి అచ్చు వేశారో చెప్పే గుర్తు), కొన్నిసార్లు గాడి కోసిన ఇంజనీరు సంతకం కూడా చెక్కి ఉంటాయి. ఇంగ్లండులో జార్జ్ పెకమ్ ‘ఎ పోర్కీ ప్రైమ్ కట్’ అని గీసేవాడు. ఆ రాతను డిస్కాగ్స్ అనే రికార్డుల వెబ్‌సైటు జాబితాతో పోల్చితే, అది తొలి ముద్రణో, తర్వాతిదో, అనుమతి లేని నకలో చాలావరకు తేలిపోతుంది.

ఈ పరిమాణం రావడానికి కారణం శబ్దమే. 1970ల నడుమ న్యూయార్కులో టామ్ మౌల్టన్ రీమిక్స్ ఒకటి కోయబోతే గాడి కోసే 7 అంగుళాల ఖాళీ పలకలు అయిపోయాయి. పెద్ద పలకపై గాడిని వెడల్పుగా పరచి కోయగా అది ఎంత బలంగా పలుకుతుందో తెలిసివచ్చింది. 1976లో సాల్సోల్ రికార్డు సంస్థ డీజే వాల్టర్ గిబ్బన్స్ చేత ‘టెన్ పర్సెంట్’ పాటను 9 నిమిషాలకు పైగా పెంచించి దుకాణాల్లో అమ్మింది. కొనేటప్పుడూ ఈ లెక్కే పనికివస్తుంది: ఒక పక్కన నిమిషానికి 45 చుట్ల వేగంతో ఒకే రీమిక్స్ ఉంటే బేస్ నిండుగా ఉంటుంది, 33⅓ వేగంతో మూడింటిని ఇరికిస్తే శబ్దం తగ్గించి కోయక తప్పదు.

గీతల సంగతి అందరూ చూస్తారు గానీ, డీజేల చేతుల్లో తిరిగిన రికార్డుకు వేరే జబ్బు ఉంటుంది. ‘దాదాపు కొత్తది’ అన్న మాట నమ్మి నేను తెప్పించుకున్న ఒక ప్రతిలో మొదటి 8 బార్లు (నాలుగేసి బీట్ల వరుసలు) వేరుశనగలు వేయించినట్టు చిటపటలాడాయి, ఆ తర్వాతంతా శుభ్రంగా ఉంది. బీటు కలపడానికి రికార్డును ముందుకూ వెనక్కూ లాగినచోట గాడి అరిగి, పాట మొదట్లోనే సన్నని బూడిదరంగు పట్టీ పడుతుంది. అందుచేత ఆ అంచును ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటో అమ్మేవారిని తప్పక అడగాలి. చుట్టూ ఉన్న గాడి కంటే నల్లగా, నున్నగా కనిపించే పట్టీలకు మాత్రం భయపడనక్కరలేదు. అవి డ్రమ్ము ఆగి సంగీతం పలచబడే చోట్లు, డీజేలు వాటిని కంటితోనే గుర్తుపడతారు.

వేగం రాసి లేని రికార్డును బీటు లెక్కతో పట్టుకోవచ్చు. నిమిషానికి 125 బీట్ల హౌస్ (ఒక రకం డ్యాన్స్ సంగీతం) పాటను పొరపాటున 33⅓కు బదులు 45 మీద పెడితే దాదాపు 169 అవుతుంది. తెచ్చుకున్న రికార్డును నిలువుగానే పెట్టాలి. మే నెల ఎండలో మూసిన కారులో వదిలితే అప్పడంలా వంగిపోతుంది.