చెక్క పడవకు లోహపు బిగింపులు చేసే ముందు జాగ్రత్తలు

పడవ కట్టే షెడ్డులోనే ఇనుము కోయవలసి వస్తే, గ్రైండర్ ఆన్ చేయకముందే రంపపు పొట్టును, వార్నిష్ గుడ్డలను దూరంగా తీసివేసి, నీళ్ళ బకెట్టును అందుబాటులో ఉంచుకోవాలి. పొట్టులో పడిన నిప్పురవ్వ గంటల తరబడి లోలోపలే రాజుకొని, అందరూ ఇళ్ళకు వెళ్ళాక మంటగా లేవవచ్చు.

కళ్ళద్దాలు తప్పనిసరి. డ్రిల్లింగ్ యంత్రం దగ్గర మాత్రం, కొత్తవారికి విడ్డూరంగా తోచినా, చేతి తొడుగులు వేసుకోకూడదు, ఎందుకంటే తిరిగే బిట్టు వాటిని చుట్టుకొని వేళ్ళను లాగేస్తుంది. పలుచని ఇత్తడి రేకును చేత్తో పట్టుకోక, చెక్క దిమ్మపై క్లాంపుతో బిగించాలి.

పిడి లేని ఆకురాయిని వాడరాదు.

జింకు పూత ఉన్న ఇనుమును వెల్డింగ్ చేయవలసినప్పుడు, అతుకు చుట్టూ పూతను ముందే తొలగించి, గాలి బాగా ఆడే చోట పని మొదలుపెట్టాలి. ఆ పొగ పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలిజ్వరం రావచ్చు.