నిరుద్యోగం తగ్గిందంటే వెంటనే బస్సెక్కకండి

హైదరాబాద్ ఇప్పుడే వెళ్లి ఉద్యోగం వెతుక్కోవాలా, సంక్రాంతి దాకా ఆగాలా అని మా భీమవరం వైపు కుర్రాళ్లు అడుగుతుంటారు. అడుగుతూనే ఫోన్‌లో "నిరుద్యోగం తగ్గింది" అన్న వార్త చూపిస్తారు. ఆ ఒక్క ముక్క చాలదు.

ముందు ఆ శాతం ఎవరిలో తీశారో చూడండి. జనాభా మొత్తంలో కాదు, పనిలో ఉన్నవాళ్లనీ వెతుకుతున్నవాళ్లనీ కలిపి అందులో తీస్తారు. 50 మంది పనిలో ఉండి 5గురు వెతుకుతుంటే 9.1 శాతం. ఆ ఐదుగురిలో ఇద్దరు విసుగొచ్చి వెతకడం మానేస్తే అదే 5.7కి దిగిపోతుంది, కొత్తగా ఒక్క ఉద్యోగం రాకుండానే! అందుకే జనాభాలో ఎంతమంది పనిలో ఉన్నారనే అంకె కూడా పక్కనే ఉంటుంది, నేనైతే ముందు అదే చూస్తాను.

తర్వాత, పనిలో ఉండటం అంటే ఏంటి? ఈ నిరుద్యోగ శాతం వచ్చేది కేంద్ర గణాంక శాఖ ఇంటింటికీ వెళ్లి చేసే పీఎల్ఎఫ్ఎస్ అనే సర్వే నుంచి, దాని నెలవారీ లెక్కలో, గత ఏడు రోజుల్లో ఒక్క గంట పని చేసినా ఉన్నట్టే. మా తమ్ముడు బీటెక్ అయ్యాక నాన్న కొట్లో సాయంత్రాలు కూర్చుని పంచదార పొట్లాలు కడుతూ, బేరం లేనప్పుడు ఫోన్‌లో రెజ్యూమేలు పంపుకునేవాడు, జీతం గీతం ఏమీ లేదు. వాణ్ని అడిగితే ఖాళీగా ఉన్నానంటాడు, సర్వే వాళ్లు అడిగితే పనిలో ఉన్నట్టు రాసుకుంటారు.

గత నెలతో పోల్చడం కూడా దండగ. నాట్లప్పుడు, కోతలప్పుడు మన దగ్గర ఖాళీగా ఉన్న మనిషి దొరకడు, మధ్య నెలల్లో చెరువు గట్ల మీద కబుర్లే. నిరుడు ఇదే నెలతో పోల్చండి. కాకపోతే సర్వే పద్ధతి 2025 జనవరి నుంచి మారింది, నెలవారీ లెక్కలు ఆ ఏప్రిల్‌తో (5.1 శాతం) మొదలయ్యాయి కాబట్టి అంతకుముందు అంకెల పక్కన పెట్టి చూడొద్దు.

ఇంకో చిక్కు, ఈ నెలవారీ లెక్క దేశం మొత్తానిది, హైదరాబాద్‌ది విడిగా రాదు. పట్టణాల వరుసలో 15-29 వయసు వాళ్ల శాతం తీసుకోండి, తెలంగాణ కోసం అదే సర్వే మీద మూడు నెలలకోసారి వచ్చే బులెటిన్ చూడండి. పీఎఫ్ ఖాతాల నెలవారీ లెక్క కూడా పనికొస్తుంది, అయితే అందులో ఉద్యోగం మారి మళ్లీ చేరినవాళ్లూ ఉంటారు, పైగా ఆ అంకెల్ని తర్వాత సవరిస్తారు. కొత్తగా చేరిన 18-25 వాళ్లెందరో ఉన్న వరుస ఒక్కటి చూసుకుంటే మీ పనికి సరిపోతుంది.