ఎర్ర తెర మీద ‘మీడియా ఆఫ్‌లైన్’ అని వస్తే

చెన్నై వడపళనిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. తోటి కుర్రాళ్ల నుంచి ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే: "అన్నా, ప్రాజెక్ట్ ఓపెన్ చేస్తే అంతా ఎర్రగా ఉంది, ఫుటేజ్ మొత్తం పోయింది!"

చాలాసార్లు ఏమీ పోయుండదు. మేం ఎడిటింగ్‌కి వాడే ప్రీమియర్ ప్రో సాఫ్ట్‌వేర్ ప్రాజెక్ట్ ఫైల్లో వీడియో ఉండదు, అది ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందో ఆ అడ్రస్ మాత్రమే ఉంటుంది. కంగారుపడి ఏదీ డిలీట్ చేయకండి.

నా మొదటి అనుమానం డ్రైవ్ లెటర్ మీదే. నిన్న విండోస్‌లో ‘ఇ’ అని చూపించిన హార్డ్ డిస్క్, ఇవాళ ముందే పెన్‌డ్రైవ్ గుచ్చి ఉంటే ‘ఎఫ్’ అయి కూర్చుంటుంది. పెన్‌డ్రైవ్ తీసేసి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరమే ఇచ్చి ప్రాజెక్ట్ మళ్లీ తెరవండి. ఫోల్డర్ పేరు మార్చి ఉంటే పాత పేరే పెట్టేయండి. పేర్లు మార్చే సరదా ఉంటే ప్రీమియర్ లోపల బిన్‌లో (క్లిప్పులు పెట్టుకునే ఫోల్డర్) తీర్చుకోండి. దానివల్ల డిస్క్‌లోని ఫైల్ పేరు మారదు.

ఫైళ్లు నిజంగానే వేరేచోటికి వెళ్లి ఉంటే క్లిప్ మీద రైట్ క్లిక్, ‘లింక్ మీడియా’, ‘లొకేట్’. డావిన్చి రిజాల్వ్ అనే ఇంకో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో అయితే ‘రీలింక్ సెలెక్టెడ్ క్లిప్స్’.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఎరుపు పోయింది కదా అని ప్లే చేస్తే, జీలకర్ర బెల్లం పెట్టే చోట భోజనాల హాల్లో ఒకాయన బకెట్‌తో సాంబారు వడ్డిస్తున్నాడు! రెండు సోనీ కెమెరాల్లోనూ సి0012 అనే ఫైల్ ఉంది, పేరు కలిసేసరికి రెండో కెమెరాది వచ్చి అతుక్కుంది. అలాంటప్పుడు ఒక్కో కెమెరా క్లిప్పులు విడిగా సెలెక్ట్ చేసి, దాని ఫోల్డరే చూపించి లింక్ చేయాలి. ఇప్పుడు ఇంపోర్ట్‌కి ముందే ఫైల్ పేర్లకి ‘ఏ’, ‘బి’ తగిలిస్తున్నాను.

సి డ్రైవ్ నిండిపోతుంటే అది మీడియా క్యాషే (ప్రీమియర్ పని వేగం కోసం దాచుకునే తాత్కాలిక ఫైళ్లు) కావచ్చు. ప్రిఫరెన్సెస్‌లో ‘మీడియా క్యాష్’కి వెళ్లి తీసేయొచ్చు, అసలు ఫుటేజ్‌కి ఏమీ కాదు.

ఒక్క పాట మాత్రమే దొరకట్లేదా? వాట్సాప్‌లో వచ్చినదాన్ని డౌన్‌లోడ్స్ నుంచే లాగి టైమ్‌లైన్‌లో పడేసి, తర్వాత ఆ ఫోల్డర్ ఖాళీ చేసుంటారు. మళ్లీ పంపమని అడగడమే.

ప్రాజెక్ట్ ఇంకొకరికి ఇచ్చేటప్పుడు ప్రాజెక్ట్ మేనేజర్‌లో ‘కలెక్ట్ ఫైల్స్ అండ్ కాపీ టు న్యూ లొకేషన్’ వాడండి. 4 జీబీ దాటిన క్లిప్ కాపీ కానని మొండికేస్తే ఆ డిస్క్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉందేమో చూడండి, అది అంత పెద్ద ఫైల్ తీసుకోదు. అందులోవి వేరేచోట దాచుకున్నాకే ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి.