హెడ్ గ్యాస్కెట్ కొత్తదే, రోగం పాతదే: స్విఫ్ట్ డీజిల్‌లో రంధ్రాల లెక్క

పాత స్విఫ్ట్ డీజిల్, డిజైర్ బళ్లు హెడ్ (ఇంజిన్ పై భాగం) పనికి వస్తే నేను మొదట అడిగేది ఒకటే. "ఇంతకుముందు హెడ్ దించారా?" అని. "అవునండీ, ఆర్నెల్ల కిందట" అన్నారంటే సగం సంగతి అక్కడే అర్థమవుతుంది. పెట్టె మీద 'స్విఫ్ట్ డీజిల్' అని చూసి, హెడ్‌కీ కింద సిలిండర్లుండే బ్లాక్‌కీ మధ్య పడే గ్యాస్కెట్ కొనుంటారు. అది ఏ మందమో ఎవరూ చూసుండరు.

ఈ 1248 సీసీ ఇంజిన్‌కి హెడ్ గ్యాస్కెట్ మూడు మందాల్లో వస్తుంది. ఒకదానికీ తర్వాతదానికీ తేడా 0.1 మిల్లీమీటరు. చేత్తో పట్టుకుంటే తెలియదు, అంచున ఉన్న చిన్న రంధ్రాలు లెక్కపెడితేనే తెలుస్తుంది. టాటా విస్టా క్వాడ్రాజెట్, ఫియట్ పుంటో డీజిల్ 1.3 బళ్లలో ఉన్నదీ ఈ కుటుంబం ఇంజినే కాబట్టి వాటికీ ఇదే గొడవ.

హెడ్ దించక ముందు

కూలెంట్ డబ్బాలో ఆయిల్ తేలుతోందా? వెంటనే హెడ్ మీద పడకండి. ఆయిల్ ఫిల్టర్ హౌసింగ్ దగ్గరున్న ఆయిల్ కూలర్ లోపల లీకైనా అచ్చం ఇలాగే ఉంటుంది. కూలర్ విప్పి, గాలి ప్రెషర్ పెట్టి, నీళ్లలో ముంచి చూడండి. ఈ చిన్న పని వదిలేసి హెడ్ దించిన బళ్లు నా దగ్గరికి లెక్కలేనన్ని వచ్చాయి.

చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసిన రెండు నిమిషాల్లో రేడియేటర్ పై హోసు రాయిలా గట్టిపడి, డబ్బాలో బుడగలు వస్తుంటే అప్పుడు గ్యాస్కెటో, హెడ్ పగులో అనుకోవచ్చు.

కొత్త గ్యాస్కెట్ వేశాక వచ్చే రోగాలు

మొదటిది, పొద్దున స్టార్టింగ్ కష్టం, కాసేపు తెల్లపొగ, బండి సరిగ్గా లాగదు. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు, స్టార్టింగ్‌కి సిలిండర్ వేడెక్కించే గ్లో ప్లగ్గులు బాగానే ఉన్నాయంటే గ్యాస్కెట్ మందం ఎక్కువై ఉండొచ్చు. ఒక్కో సిలిండర్ దాదాపు 312 సీసీ. అందులో గాలి నొక్కుకుపోయే చోటు 19 సీసీకి అటూఇటూ. గ్యాస్కెట్ 0.2 మి.మీ. మందం పెరిగితే ఆ చోటు ముప్పావు సీసీ పెరుగుతుంది. చోటు పెరిగితే గాలి అంతగా నొక్కుకోదు, వేడి తగ్గుతుంది. డీజిల్ మండేదే ఆ వేడికి కాబట్టి చలికాలం పొద్దున ఆ తేడా బాగా తెలుస్తుంది.

రెండోది, నన్ను కాల్చింది. టాక్సీ డిజైర్ ఒకటి, హెడ్ అప్పటికే వేరే షెడ్డులో ఒకసారి దించారు. నేను పాత గ్యాస్కెట్ తీసి రంధ్రాలు లెక్కపెట్టి, అలాంటిదే తెప్పించి వేశాను. బండి వెళ్లిన మర్నాడే చల్లటి ఇంజిన్‌లో టకటక శబ్దం, రేస్ చేస్తే ఇంకా ఎక్కువ. ఇంజెక్టర్ లోపం వల్ల వచ్చే నాక్ శబ్దం అనుకుని నాలుగూ టెస్టుకి పంపాను, ఏ లోపమూ లేదు. మళ్లీ హెడ్ దించితే రెండో పిస్టన్ తల మీద ఒకచోట మసి పోయి అద్దంలా మెరుస్తోంది. పిస్టన్ వెళ్లి హెడ్‌కి తగులుతోంది! ముందు షెడ్డువాళ్లు షాపులో దొరికిన పల్చటిది వేశారు. నేను వాళ్ల తప్పునే కొలతగా తీసుకున్నాను. రెండో హెడ్ పని డబ్బు నా జేబులోంచే పోయింది.

అందుకే పాత గ్యాస్కెట్ రంధ్రాలను నమ్మొద్దు. కంపెనీ నుంచి వచ్చాక హెడ్ ఎప్పుడూ దించలేదని ఖాయంగా తెలిస్తే తప్ప. బ్లాక్ ఫేసింగ్ (ముఖం అరగదీసి చదును చేయడం) చేయించినా, పిస్టన్లు, కనెక్టింగ్ రాడ్లు మార్చినా కంపెనీ లెక్క కూడా చెల్లదు.

కొలవాల్సింది పిస్టన్ టీడీసీలో, అంటే అన్నిటికంటే పైకి వచ్చినప్పుడు, బ్లాక్ పైకి ఎంత పొడుచుకొస్తోందో. బ్లాక్ ముఖం, పిస్టన్ తల మసి లేకుండా శుభ్రం చేయండి. డయల్ గేజ్‌ని బ్లాక్ మీద సున్నాకి పెట్టి, సూదిని పిస్టన్ మీదకి జరిపి, క్రాంక్ మెల్లగా తిప్పండి. తిప్పేటప్పుడు టైమింగ్ చైన్ కింద ఇరుక్కోకుండా ఒకరు పట్టుకోవాలి. గజన్ పిన్ (పిస్టన్‌ని కనెక్టింగ్ రాడ్‌కి కలిపే పిన్ను) వరసలోనే, ఆ చివరా ఈ చివరా రెండుచోట్ల కొలవండి. అడ్డంగా కొలిస్తే పిస్టన్ ఊగి అంకె మారిపోతుంది. నాలుగు పిస్టన్లూ కొలిచి, మాన్యువల్ పట్టికలో ఏ మందం పడుతుందో చూసి అప్పుడు షాపుకి వెళ్లండి. అంతా కలిపి అరగంట పని.

మూడు పిస్టన్లు దాదాపు ఒకే అంకె చూపించి ఒకటి మాత్రం బాగా కిందే ఉండిపోతే గ్యాస్కెట్ సంగతి పక్కన పెట్టండి. వాన నీళ్లలో నడిపిన బళ్లలో సిలిండర్‌లోకి నీళ్లు వెళ్లి కనెక్టింగ్ రాడ్ వంగి ఇలా అవుతుంది.

"హెడ్ ఫేసింగ్ చేయించాం కదా, మందంది ఇవ్వు" అనేది మరో అలవాటు. ఈ ఇంజిన్‌లో మంట గిన్నె పిస్టన్ తలలోనే ఉంటుంది, హెడ్ ముఖం చదును. హెడ్ అరగదీస్తే పిస్టన్ పొడుపు మారదు, వాల్వులు పిస్టన్‌కి దగ్గరవుతాయి. కాబట్టి ఫేసింగ్ తర్వాత చూడాల్సింది వాల్వు ఎంత లోతులో కూర్చుందో.

మిగతావి

ఇది స్టీలు పొరల గ్యాస్కెట్, దాని మీద షెల్లాక్, అనాబాండ్ లాంటి సీలింగ్ పేస్టులు పూయకండి. హెడ్ బోల్టులు డిగ్రీల్లో, అంటే కోణం కొలిచి, బిగించేవి, సాగుతాయి, కొత్తవే వేయండి. గ్యాస్కెట్ తిరగేసి వేయడం, డోవెల్ (హెడ్‌ని సరైన చోట కూర్చోబెట్టే పిన్ను) మర్చిపోవడం లాంటివి పదేళ్లకోసారి చూస్తాం. మారుతి 800 పెట్రోల్‌వాళ్లకి ఈ మందాల టెన్షన్ లేదు. ఆరు వాల్వులదా, పన్నెండు వాల్వులదా అన్నది ఒక్కటి షాపులో సరిగ్గా చెబితే చాలు.