వియన్నాలో కంపోజిషన్ చదవబోయే మన గోదావరి పిల్లలకి

సంక్రాంతికి రాజోలు దగ్గర మా ఊరొచ్చాను. ఎదురింటి పిన్నిగారి అమ్మాయి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం రాయడం నేర్చుకోవడానికి వియన్నా వెళ్తానంటోంది. నేనూ ఆ దారిన వెళ్లినదాన్నే చెప్పగలను కాబట్టి, అరుగు మీద కూర్చోబెట్టి తనకి చెప్పినవే అమలాపురం, పాలకొల్లు వైపు పిల్లలకీ ఉపయోగపడతాయని రాస్తున్నాను.

ముందు కాగితాలు. గదిలో దిగిన మూడు రోజుల్లోపు ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లి చిరునామా నమోదు చేయించుకోవాలి. ఆ ఫారాన్ని మెల్డెత్సెట్టెల్ అంటారు. ఇల్లు ఇచ్చినవాళ్ల సంతకం తప్పనిసరి. గది మాట్లాడుకునేటప్పుడే పియానో వాయించుకోవచ్చా, ఎన్ని గంటలు అని అడిగి అగ్రిమెంటులో రాయించుకోండి. రాత్రి పది దాటాక చప్పుడు చేస్తే పక్కింటివాళ్లు ఊరుకోరు. ఆదివారం కొట్లు మూసేస్తారు, బియ్యం, పెరుగు శనివారమే తెచ్చుకోండి. కుళాయి నీళ్లు ఆల్ప్స్ కొండల ఊటనీళ్లు, నిశ్చింతగా తాగొచ్చు.

అక్కడి సంగీత విశ్వవిద్యాలయం 1817లో మొదలైంది. ప్రవేశానికి మీరు రాసిన స్కోర్లు (అన్ని వాద్యాల స్వరాలూ ఒకేచోట రాసిన ప్రతులు) చూస్తారు, స్వరజ్ఞానం పరీక్షిస్తారు, పియానో వాయించమంటారు. జర్మన్ ఇక్కడ ఉండగానే మొదలుపెట్టండి, లేకపోతే క్లాసులో సగమే అందుతుంది.

ఇక అసలు సంగతి. మన శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ గారి మహతి రాగంలో నాలుగే స్వరాలు: స, గ, ప, ని. మొదటి ఏడాది హార్మొనీ (స్వరాలు కలిపి పలికించే పద్ధతి) క్లాసులో మేష్టారు పియానో మీద సరిగ్గా ఆ నాలుగూ కలిపి నొక్కి, "ఇది డామినెంట్ సెవెంత్, ఇక్కడ ఆగకూడదు, ముందుకెళ్లాలి" అన్నారు. అంటే ఆ నాలుగు స్వరాల కలయిక, వేరే కలయిక మీదికి వెళ్లి కుదురుకోవాలని. ని అర మెట్టు దిగి ధ, గ అర మెట్టు ఎక్కి మ అవ్వాలట. నా చెవికి మాత్రం షడ్జం (స) దగ్గర, ఇంట్లోనే ఉన్నాం. ఎక్కడికి వెళ్లాలి? వారం రోజులు నిద్ర పట్టలేదు.

ఆ నియమం చెయ్యి తిరిగేదాకా సాధన చేయండి, మినహాయింపు లేదు. కానీ సొంతంగా రాసేటప్పుడు మీ షడ్జాన్ని వదులుకోకండి. ఫ్రెంచి కంపోజర్ మెస్సియాన్, మన పాతకాలపు సంగీత శాస్త్రకారుడు శార్ఙ్గదేవుడు చెప్పిన 120 దేశీ తాళాల పట్టిక చదివి తన లయలు కట్టుకున్నాడు. చిన్నప్పటినుంచి చేతిమీద తాళం వేసినవాళ్లం, మనకి మొహమాటం దేనికి?

రచన పూర్తయితే సగం పనే అయినట్టు. ఒక్కో వాద్యానికీ పార్టు (ఆ వాద్యం వాయించాల్సిన స్వరాలు మాత్రమే ఉన్న కాగితం) విడిగా తీయాలి. బీ ఫ్లాట్ క్లారినెట్ రాసిన స్వరం కన్నా ఒక పూర్తి మెట్టు కింద పలుకుతుంది. నా మొదటి రిహార్సల్‌కి ఆ తేడా సరిచేయకుండానే పార్టు ఇచ్చేశాను. నాకిచ్చిన టైము ఇరవై నిమిషాలు. ఫ్లూట్, క్లారినెట్ ఒకే స్వరం మీద కలవాల్సిన చోట రెండూ ఒరుసుకున్నాయి. క్లారినెట్ వాయించే ఆవిడ ఏమీ అనకుండా పెన్సిల్ తీసి ఒక్కో స్వరం దిద్దుకుంటుంటే, మిగతావాళ్లు వాద్యాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. ఎనిమిది నిమిషాలు పోయాయి. అప్పటినుంచి ప్రతి పార్టూ పాడుకుంటూ చూసుకుంటాను. పేజీ తిప్పే చోట వాయించేవాళ్లకి విరామం ఉందా అన్నది కూడా చూస్తాను.

సంపాదన గురించి అమ్మానాన్నలకి ముందే చెప్పండి. డబ్బిచ్చి రాయించుకునేవాళ్లు చదువవ్వగానే దొరకరు. పాఠాలు చెప్పడం, వేరేవాళ్ల పార్టులు తీయడం లాంటివి చేసుకోవాలి. మన దేశపు కంపోజర్ వన్‌రాజ్ భాటియా పారిస్‌లో పేరున్న సంగీత గురువు నాదియా బులాంజే దగ్గర చదువుకుని వచ్చి ప్రకటనలకీ సినిమాలకీ రాశారు. అందులో చిన్నతనం ఏమీ లేదు. మీతో చదివే వాద్యకారులతో స్నేహంగా ఉండండి, రేపు మీ సంగీతం వాయించేది వాళ్లే. ఆర్కెస్ట్రా కండక్టర్ క్లాడియో అబ్బాడో వియన్నాలో 1988లో మొదలుపెట్టిన వీన్ మోడెర్న్ ఉత్సవంలో అంతా కొత్త సంగీతమే, నవంబరులో ఇంకే పనీ పెట్టుకోకండి. ఒపెరాలో నిలబడి వినే టికెట్లు చౌక.

కనుమ నాడు జగ్గన్నతోట తీర్థానికి రికార్డర్ పట్టుకెళ్లాను. ఒక్కో ఊరి ప్రభ (దేవుణ్ణి ఊరేగించే ఎత్తైన అలంకారం) ముందు ఒక్కో మేళం, దేని శ్రుతి దానిది, దేని నడక దానిది. ప్రభలు దగ్గరికొచ్చేకొద్దీ రెండు సన్నాయిలు ఒకదాని మీదికొకటి ఎక్కుతాయి, కింద డప్పులు వేరే లెక్కలో నడుస్తుంటాయి. ఇంత చిక్కటి సంగీతం ఏ కచేరీ హాల్లోనూ వినలేదు. బయలుదేరేలోపు మీ ఊరి తీర్థం, రేవులో పంటు ఇంజను, చర్చిలో హార్మోనియం పెట్టె రికార్డు చేసుకోండి. వియన్నాలో డిసెంబరులో నాలుగింటికే చీకటి పడుతుంది. అప్పుడు కూర్చుని వింటూ, స్వరాలు కాగితం మీద పెట్టడం మొదలుపెట్టండి.