దూరంగా ఉన్నవాళ్ళతో ఫోన్‌లో మాట్లాడినా పక్కనే ఉన్నట్టు అనిపించాలంటే

అవతలి మనిషి బాధలో ఉన్నారని తెలిస్తే మెసేజ్ టైప్ చేస్తూ కూర్చోకండి, కాల్ చెయ్యండి. 2012లో ఒక స్టడీ వచ్చింది, ఆడపిల్లలకి టెన్షన్ పెట్టే టాస్క్ ఇచ్చి తర్వాత కొందరిని అమ్మతో ఎదురుగా, కొందరిని ఫోన్‌లో, కొందరిని చాట్‌లో మాట్లాడించారు. అమ్మ గొంతు విన్న పిల్లల్లో స్ట్రెస్ హార్మోన్ కార్టిసాల్ తగ్గింది, ఆప్యాయతతో ముడిపడ్డ హార్మోన్ ఆక్సిటోసిన్ పెరిగింది. చాట్ చేసినవాళ్ళకి మాత్రం అసలు అమ్మతో మాట్లాడని పిల్లలకి ఎంత ఉందో కార్టిసాల్ అంతే ఉంది! అమ్మ చెప్పిన ధైర్యం అక్షరాల్లో ఒంటికి అందలేదన్నమాట.

కాల్‌లో ఉన్నప్పుడు దిండు ఒకటి గట్టిగా హత్తుకుని పడుకుని మాట్లాడండి, సిల్లీగా అనిపిస్తుందేమో కానీ నాకు ఇది చాలా నచ్చిన పద్ధతి. జపాన్‌లో హగ్వీ అని మనిషి ఆకారంలో ఒక దిండు చేశారు, తల దగ్గర ఫోన్ పెట్టుకోవచ్చు. దాన్ని హత్తుకుని 15 నిమిషాలు మాట్లాడినవాళ్ళకి కార్టిసాల్ తగ్గిందని 2013లో రాశారు, మామూలుగా ఫోన్ పట్టుకుని మాట్లాడినవాళ్ళకి అలా తగ్గలేదట. అదే కొనక్కర్లేదు, ఇంట్లో ఉన్న దిండు చాలు, స్పీకర్ చెవి పక్కన పెట్టుకోండి, చలిగా ఉంటే దుప్పటి కప్పుకోండి, కాళ్ళు చల్లబడి వణుకుతుంటే ఎవరికైనా ఫోన్ ఎప్పుడు పెట్టేద్దామా అనే ఉంటుంది.

వేడి కప్పు చేతిలో ఉంటే ఎదుటివాళ్ళు ఆప్యాయంగా కనిపిస్తారని 2008లో వచ్చిన పేపర్ బాగా ఫేమస్, కానీ తర్వాత ఎక్కువమందితో మళ్ళీ చేసి చూస్తే ఆ రిజల్ట్ రాలేదు, కాబట్టి దాన్ని నమ్ముకోకండి.

నిజంగా ఒళ్ళు నిమిరినట్టు ఉండే అనుభూతి మాత్రం ఫోన్‌తో రాదు. చర్మంలో కొన్ని నరాలు సెకనుకి 1 నుంచి 10 సెంటీమీటర్ల స్పీడ్‌లో, ఒంటి వేడి ఉన్న చెయ్యి మెల్లగా నిమిరితేనే బాగా స్పందిస్తాయి, వైబ్రేషన్ దానికి సాటి రాదు. అందుకే వీలైతే మీరు కప్పుకున్న దుప్పటో, వేసుకున్న చొక్కానో ఉతక్కుండా పంపండి, మీ వాసన ఉంటుంది.

వీడియో కాల్‌లో "ఆ చెప్పు", "కాదు నువ్వు చెప్పు" అని ఇద్దరూ ఒకేసారి మొదలెడుతుంటే అది నెట్ లేటు, మామూలు మాటల్లో ఒకరు ఆపాక రెండోవాళ్ళు అందుకోడానికి సుమారు 200 మిల్లీసెకన్లే పడుతుంది మరి. ఆ లేటు వల్ల అవతలివాళ్ళు మనసు పెట్టట్లేదని మనకి అనిపిస్తుంది, పాపం వాళ్ళ తప్పేం ఉండదు. అలిగేముందు వీడియో ఆపేసి ఆడియోలో మాట్లాడి చూడండి.