బండి దారిలో ఆగితే – 5వ పాఠం: ఇంజిన్ పట్టేసినప్పుడు

ప్లగ్గు, పెట్రోలు, గొలుసు, పంక్చరు. ఇంతవరకు చెప్పుకున్నవన్నీ రోడ్డు పక్కన చెట్టు నీడలో తేలిపోయే పనులు. ఈ పాఠంలోది అలా తేలదు. ఇంజిన్ పట్టేసిందంటే చాలాసార్లు బండి ట్రాలీ ఎక్కాల్సిందే, చేతి చమురు వదలాల్సిందే. ఎంత వదులుతుందన్నది మాత్రం చాలావరకు మొదటి గంటలో మీరు చేసే పనులను బట్టి, అంతకన్నా ఎక్కువగా చేయకుండా ఆగే పనులను బట్టి ఉంటుంది. పిస్టన్, అది ఆడే బ్లాకుతో పోవాల్సిన నష్టం కింద తిరిగే ఇరుసు (క్రాంకు), దానికి పిస్టన్‌ను కలిపే కనెక్టింగ్ రాడ్డు దాకా పాకేది ఆ గంటలోనే.

ముందు, పట్టేయడం అంటే లోపల ఏం జరుగుతుందో చూద్దాం. పిస్టన్ అల్యూమినియంది. అది పైకీ కిందికీ ఆడే గొట్టం గోడ, అంటే బోరు స్లీవు, చాలా బండ్లలో పోత ఇనుముది. ఒకే వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. చల్లగా ఉన్నప్పుడు రెండింటి మధ్య ఉండే సందు మిల్లీమీటరులో కొన్ని నూరో వంతులు మాత్రమే. ఆ సందులో నిలిచే ఆయిల్ పొర ఒకపక్క రాపిడి తగ్గిస్తుంది, ఇంకోపక్క పిస్టన్ వేడిని బోరుకు చేరవేస్తుంది. ఆయిల్ తగ్గి ఆ పొర తెగితే పిస్టన్ మరింత వేడెక్కి, ఉబ్బి, బోరును ఒరుసుకుంటుంది. అల్యూమినియం కరిగి గోడకు పూసుకుంటుంది. అక్కడితో పిస్టన్ నిలబడిపోతుంది.

100 సీసీ బండి ఇంజిన్‌లో పట్టే ఆయిల్ మొత్తం లీటరుకు అటూ ఇటూ. అందులో 300 మిల్లీలీటర్లు తగ్గాయంటే మూడో వంతు పోయినట్టే. 'కింద చుక్క కారడం లేదు కదా' అని చాలామంది ధీమాగా ఉంటారు. రింగులు, వాల్వు సీళ్లు అరిగిన ఇంజిన్ ఆయిల్‌ను కార్చదు, కాల్చేస్తుంది. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు సైలెన్సర్ నుంచి నీలంగా పొగ వస్తుంటే ఆ ఆయిల్ పోయే దారి అదే.

మన దిక్కు ఎండాకాలం సంగతి తెలిసిందే. మే నెలలో నల్లగొండలో 44 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండలో జడ్చర్ల నుంచి అలంపూర్ చౌరస్తా దాకా 44వ నంబరు హైవే మీద ఆపకుండా 80, 90లో పోవడం ఒక ప్రమాదం. శ్రీశైలం డ్యాం దగ్గర నుంచి దోమలపెంట వైపు ఘాట్ ఎక్కడం దానికన్నా పెద్ద ప్రమాదం. ఇద్దరు మనుషులు, సామాను, ఒకటో గేరు, రెండో గేరు. ఇంజిన్ వేగంగా తిరుగుతుంటుంది, బండి మెల్లగా పోతుంటుంది, ఇంజిన్ చుట్టూ వేడి వదిలే రేకుల్లాంటి ఫిన్నులకు గాలి తగలదు. ఆయిల్ నిండుగా ఉన్న బండి ఇదంతా తట్టుకుంటుంది. తక్కువైన బండి అక్కడే నిలుస్తుంది.

పట్టేసే ముందు, పట్టేసిన క్షణంలో

ముందు బలం తగ్గుతుంది. యాక్సిలరేటర్ అంతే తిప్పి ఉన్నా ఎవరో వెనక నుంచి పట్టి గుంజుతున్నట్టు వేగం పడిపోతుంది. ఇంజిన్ చప్పుడు పొడిగా, గరుకుగా మారుతుంది. కాలిన ఆయిల్ వాసన రావచ్చు. వెంటనే క్లచ్ పట్టండి, యాక్సిలరేటర్ వదలండి, కిల్ స్విచ్ ఆపండి, ఎడమకు దొర్లించండి. క్లచ్ అన్నిటికన్నా ముందు. గేరులో ఉండగా ఇంజిన్ ఒక్కసారి బిగిస్తే వెనక చక్రం కూడా బిగుసుకుని బండి అడ్డం తిరుగుతుంది. ఘాట్ మలుపులో అలా అయితే రిపేరు సంగతి తర్వాత, ముందు ఆసుపత్రి చూసుకోవాలి.

ఆగాక చేయకూడనివి మూడున్నాయి. మూడూ చేతికి వాటంగా వచ్చేవే. సెల్ఫ్ నొక్కడం: పట్టేసిన ఇంజిన్‌కు సెల్ఫ్ కొడితే 'టిక్' మని ఆగుతుంది, అది చూసి బ్యాటరీ దిగిందనుకుని నొక్కుతూనే ఉంటే స్టార్టర్ మోటారు కాలుతుంది. హారను గట్టిగా మోగుతూ సెల్ఫ్ మాత్రం 'టిక్' మంటే అనుమానం ఇంజిన్ మీదికే పోవాలి. రెండోది, గేరులో పెట్టి తోసి స్టార్ట్ చేయబోవడం. గోడకు అంటుకున్న అల్యూమినియాన్ని మీరు బలవంతాన గీకుతున్నట్టే. పిస్టన్‌తో పోయేది రాడ్డు దాకా వస్తుంది. మూడోది నీళ్లు పోయడం. కాగిన హెడ్డు (బ్లాకు పైమూత), బ్లాకు మీద చల్లనీళ్లు పడితే లోహం వంకర పోవచ్చు, ఫిన్నులు పగలవచ్చు. నీడలోకి తోసి 40 నిమిషాలు వదిలేయండి. ఆ టైములో నీళ్లు మీరు తాగండి.

నిజంగా ఇంజినేనా?

బండి కదలడం లేదంటే ప్రతిసారీ తప్పు ఇంజిన్‌ది కాదు. న్యూట్రల్లో తోసి చూడండి. న్యూట్రల్లోనే కదలకపోతే వెనక బ్రేకు పట్టేసి ఉండాలి, లేదా చక్రం బేరింగు పోయి ఉండాలి, లేదా గొలుసు చిన్న స్ప్రాకెట్ దగ్గర ముడిపడి ఉండాలి. న్యూట్రల్లో కదిలి, గేరులో క్లచ్ పట్టినా కదలకపోతే క్లచ్ విడవడం లేదని అర్థం. ముందు క్లచ్ వైరు చూడండి. రెండు విధాలా బండి దొర్లుతూ, కిక్కు రాడ్డు మాత్రం దిగకపోతే అప్పుడు ఇంజిన్.

చల్లారాక ప్లగ్గు విప్పండి. 100 సీసీ బండ్లలో ఎక్కువవాటికి ప్లగ్గు పానా 16 సైజు. బండితో వచ్చిన టూల్ కిట్‌లో ఉంటుంది, ఎవరూ తీయకపోతే. ప్లగ్గు రంధ్రంలోంచి ఒక టీ చెంచాడు, అంటే 5 మిల్లీలీటర్ల ఇంజిన్ ఆయిల్ పోసి 20 నిమిషాలు ఆగండి. న్యూట్రల్లో ఉంచి కిక్కు రాడ్డును కాలితో కాదు, చేత్తో మెల్లగా నొక్కండి. కిక్కు లేని బండైతే సెంటర్ స్టాండ్ వేసి, పై గేరులో పెట్టి, వెనక చక్రాన్ని ముందుకూ వెనక్కూ కొద్దికొద్దిగా ఊపండి. పై గేరులో చక్రం బలం ఇంజిన్ మీద బాగా పని చేస్తుంది.

ఇప్పుడు చేతికి తెలిసేదే అసలు పరీక్ష. ఏమాత్రం కదలకపోతే గట్టిగా పట్టేసింది, ఇక ముట్టుకోవద్దు. కొంత దిగి ప్రతిసారీ ఒకే చోట 'ఠక్' మని ఆగితే లోపల ఏదో విరిగి అడ్డుపడింది; వాల్వు కావచ్చు, టైమింగ్ చైన్ కావచ్చు. సాఫీగా దిగుతుంటే ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి మళ్లీ నొక్కండి. వేలిని గాలి బలంగా తోసేస్తే కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బలం) మిగిలింది, ఇది అదృష్టమే. ఊరికే ఊదినట్టు ఉంటే రింగులో వాల్వులో పోయాయి.

తర్వాత డిప్‌స్టిక్. హీరో, హోండా 100 సీసీ బండ్లలో దాన్ని తుడిచి, మరలు తిప్పకుండా అలాగే దించి తీసి చూడాలి. తిప్పి బిగించి చూస్తే ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. పల్సర్ లాంటి బండ్లకు కుడివైపు గాజు కిటికీ ఉంటుంది. వేలికంటిన ఆయిల్‌ను ఎండకు పెట్టి రెండు వేళ్ల మధ్య రుద్దండి. మెరుగు రజనులా మెరిస్తే పిస్టన్ అరిగిన పొడి. పాలు కలిసిన చాయలా తెల్లబారి ఉంటే నీళ్లు చేరాయి. రేకు ముక్కలు తగిలితే బేరింగు దాకా పోయింది.

ఇంజిన్ పట్టు వదిలి, కంప్రెషన్ ఉండి, రజను లేకపోతేనే ఆయిల్ నింపి స్టార్ట్ చేయండి. డబ్బా మీద బైకు ఆయిల్ గుర్తు జాసో (JASO) ఎంఏ లేదా ఎంఏ2 అని ఉండాలి. కారు ఆయిల్ పోస్తే మన బండ్ల క్లచ్ ప్లేట్లు జారతాయి, ఎందుకంటే అవి అదే ఆయిల్‌లో మునిగి ఉంటాయి. లోపల 'టక్ టక్' మని కొట్టుకుంటే వెంటనే ఆపేయండి. లేకపోతే ఒక్కరే ఎక్కి, 30, 40 వేగం దాటకుండా దగ్గరి ఊరికి చేరండి. బండి బాగుపడిందని ఇంటిదాకా పోయే సాహసం వద్దు. ఒకసారి ఒరుసుకున్న బోరు మీద గీతలుంటాయి, మళ్లీ పట్టేస్తుంది.

ఎక్కడ ఆగారు?

44, 65 నంబరు హైవేల మీద అయితే 1033కు ఫోన్ చేస్తే హైవే పెట్రోలింగ్ వాళ్లు వస్తారు. నల్లమలలో లెక్క వేరు. మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల మధ్య రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా బండ్లు వదలరు. సాయంత్రం నాలుగు దాటాక అడవి మధ్యలో ఆగితే పరీక్షలన్నీ పక్కనపెట్టి ముందు పోతున్న బొలెరోనో ట్రాలీనో ఆపండి. ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు.

ట్రాలీలో ముందు చక్రం క్యాబిన్‌కు ఆనాలి. తాళ్లు హ్యాండిల్‌కు కట్టొద్దు, వంగుతుంది. ముందు ఫోర్కు కింది క్లాంపుకు రెండు వైపులా కట్టి, షాక్‌లు సగం దిగేలా గుంజండి. వెనక ఫుట్‌రెస్ట్ రాడ్లకు ఇంకో రెండు. సైడ్ స్టాండ్ మీద కట్టొద్దు. గుంతలకు స్టాండ్ విరుగుతుంది. పెట్రోలు నాబు ఉంటే మూసేయండి.

ఇప్పాక కాదు, ఇప్పకముందే మాట్లాడాలి

ఊరు కాని ఊరిలో ఇంజిన్ ఇప్పించడమా, ఇంటికి తెచ్చుకోవడమా? ట్రాలీ కిరాయి చూసి భయపడి అక్కడే ఇప్పించేవాళ్లే ఎక్కువ. మన మాట ఇది: ఇల్లు 100 కిలోమీటర్లలోపు ఉంటే, తెలిసిన మెకానిక్ ఉంటే, తెచ్చుకోవడమే మేలు. బోరు పని, అంటే గీతలు పడ్డ బోరును లేత్ మీద కొద్దిగా పెద్దది చేయడం, ఒక్క పూటలో కాదు. దేవరకొండలోనో అచ్చంపేటలోనో ఇప్పిన బ్లాకును మామూలుగా పెద్ద ఊరి లేత్ షాపుకు పంపి కొట్టించుకు రావాలి. రెండు మూడు రోజులు పడుతుంది, మీరు మళ్లీ రావాలి. పని తేడా వస్తే ఇంకోసారి రావాలి.

అక్కడే ఇప్పించాల్సి వస్తే ముందే అనండి: "అన్నా, ముందు హెడ్డు, బ్లాకు మాత్రమే ఇప్పు. ఏమేం పోయినయో నాకు చూపెట్టు. నేను సరే అన్నంకనే సామాను తే. పాత సామాను అంతా నాకే ఇయ్యాలె." మీటర్ రీడింగు, ట్యాంకులో పెట్రోలు, ఇంజిన్ నంబరు ఫోటో తీసుకోండి. ఆర్‌సీ అసలుది ఇవ్వొద్దు.

హాఫ్ ఇంజిన్ పని అంటే పిస్టన్, రింగులు, పిన్ను, క్లిప్పులు, గ్యాస్కెట్లు, వాల్వు సీళ్లు, వాల్వు గ్రైండింగు, బోరింగు. ఫుల్ ఇంజిన్ అంటే వీటికి తోడు ఇంజిన్ దించి, కేసు విడదీసి, కనెక్టింగ్ రాడ్డు, క్రాంకు బేరింగులు. ఖర్చులో అసలు తేడా ఇక్కడే పడుతుంది. అందుకే రాడ్డును మీరే పట్టి చూడండి: బ్లాకు తీశాక రాడ్డును పైకీ కిందికీ గుంజితే ఏమాత్రం ఆట ఉండకూడదు. పక్కలకు కొంచెం కదలడం మామూలే, దాన్ని చూపించి రాడ్డు పోయిందంటే ఒప్పుకోవద్దు. పైకీ కిందికీ 'టక్కు' మంటే ఫుల్ పని తప్పదు, బేరం చేయొద్దు.

బోరు కొడితే పిస్టన్ ఒక సైజు పెద్దది రావాలి: 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటరు, ఈ వరుసలో. పిస్టన్ తల మీద ఆ అంకె కొట్టి ఉంటుంది. ముందు పిస్టన్ కొని, దాన్ని కొలిచి, దానికి తగ్గట్టు బోరు కొట్టాలి. తలకిందులుగా చేస్తే సందు సరిగా రాదు. బోరింగ్ తర్వాత హోనింగ్ (గోడను రాయితో సానపట్టడం) చేశారా అని అడగండి. గోడ మీద అడ్డగీతలు కనిపించాలి, ఆయిల్ నిలిచేది వాటిలోనే. కేటీఎం డ్యూక్, యమహా ఆర్15 లాంటి బండ్ల బోరును ఇలా కొట్టడం కుదరదు. వాటి సిలిండర్ గోడ వేరే రకం, బ్లాకే మార్చాలి.

కొత్త పిస్టన్ వేసి, ఆయిల్ ఎందుకు పోయిందో చూడకుండా మూతపెడితే అది కూడా అదే దారి పడుతుంది. డ్రెయిన్ బోల్టు వాషరు, కింద ఆయిల్ జల్లెడ, ఆయిల్ పంపు, ఈ మూడింటినీ మీ కళ్లముందు చూపించమనండి. గ్యాస్కెట్లకు బాండ్ (అతికించే పేస్టు) దట్టంగా పూసిన ఇంజిన్లలో ఆ బాండ్ ముక్కలే ఊడి జల్లెడకు అడ్డుపడతాయి.

ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి. మామూలు పాలసీ యంత్రం దానంతట చెడిపోతే డబ్బివ్వదు. రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కలిపి తీసుకుని ఉంటే ట్రాలీ ఖర్చు తప్పుతుంది, అదీ ఇన్ని కిలోమీటర్లని హద్దుతో.

బండి చేతికొచ్చాక మొదటి 500 కిలోమీటర్లు ఒకే వేగంలో గంటలకొద్దీ నడపొద్దు, 45 దాటొద్దు, ముగ్గురెక్కొద్దు. 500 దగ్గర ఆయిల్ మార్చి, పాత ఆయిల్‌ను తెల్ల గుడ్డలో వడకట్టి చూడండి. సన్నని రజను కొద్దిగా ఉంటుంది, అది సహజం. గోరుకు తగిలే ముక్క ఉంటే బండి మళ్లీ మెకానిక్ దగ్గరికి పోవాలి.

అభ్యాసం: ఈ వారం మీ బండి చల్లగా ఉన్నప్పుడు ప్లగ్గు విప్పి, కిక్కు చేత్తో నొక్కి, రంధ్రం మీద వేలు పెట్టి గాలి ఎంత బలంగా తోస్తుందో చూసుకోండి. బాగున్న ఇంజిన్ ఎలా ఉంటుందో చేతికి తెలిస్తేనే చెడింది తెలుస్తుంది. వచ్చే పాఠం క్లచ్ ప్లేట్ల గురించి.